మార్టూరు బడులలో విత్తన విద్య

జూన్ మాసము ప్రవేశించి, గాలి నైరుతికి తిరిగి, తొలకరి నేడో రేపో అన్నట్లు మబ్బు పట్టగానే మార్టూరు బజారులోని విత్తనాల దుకాణముల ముందు రైతులు గుమిగూడుదురు. వారిలో చదువు రాని తండ్రి ఎవరైనను ఉన్నచో, తొమ్మిదవ తరగతి చదువుచున్న కొడుకునో కూతురునో వెంటబెట్టుకొని వచ్చి, పొట్లము మీద ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పుమని అడుగుట ఈ ప్రాంతమున వింత కాదు. పిల్లవాడు అక్షరములన్నియు చదువును. కంపెనీ పేరు చదువును, రకము పేరు చదువును, ధర చదువును. ఆ క్రింద చిన్న అచ్చులో మొలకశాతము, భౌతిక స్వచ్ఛత, పరీక్ష జరిపిన తేదీ, లాట్ నంబరు అని ఉన్న నాలుగు పంక్తులను కూడ తడబడక చదువును. వాని అర్థమేమని తండ్రి అడిగినప్పుడు మాత్రము ఇద్దరును దుకాణదారుని ముఖము చూతురు. 1966 నాటి విత్తనముల చట్టము పొట్లము మీద చీటీ ఉండవలెనని శాసించినది ఎవరి మేలు కోరియో వారికే ఆ చీటీ అర్థము కాకున్నచో, లోపము చట్టమునందు లేదు. పదియేండ్లు బడిలో కూర్చుండబెట్టి, పువ్వు నిలువుకోత బొమ్మ గీయించి, భాగములకు పేర్లు వ్రాయించి, ఒక్క గింజనైనను చేతిలో పెట్టని మన చదువునందున్నది.

ఈ మాట ప్రత్యేకించి మార్టూరును దృష్టిలో ఉంచుకొని చెప్పుటకు కారణము కలదు. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశము జిల్లాలోను, 2022 ఏప్రిల్ మాసము నుండి బాపట్ల జిల్లాలోను చేరిన ఈ ప్రాంతము, కాగితముల మీద చిరునామా ఎన్నిమారులు మారినను, నల్లరేగడిని, అందు పండు పత్తిని, మిరపను నమ్ముకొన్న ప్రాంతము. జాతీయ రహదారి ప్రక్కన గ్రానైటు పలకలు కోయు యూనిట్లును, నూలు మిల్లులును వెలసినను, ద్రోణాదుల, ఇసుకదర్శి, వలపర్ల వంటి గ్రామములలో సంవత్సరపు మంచిచెడ్డలు ఇప్పటికిని కల్లములలో ఆరబోసిన కాయ రంగును బట్టియే నిర్ణయమగుచున్నవి. విజ్ఞాన సంస్థలకును కొదువ లేదు. గుంటూరు చెంత 1922లో నెలకొన్న లాం వ్యవసాయ పరిశోధనా క్షేత్రమును, 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాలయు ఇచ్చటి పిల్లలు ఉదయము బస్సెక్కి సాయంత్రమునకు ఇల్లు చేరదగినంత దూరములోనే ఉన్నవి, జి-4, ఎల్‌.సి.ఎ.-334 వంటి మిరప రకములు లాం నుండియే వెలువడి ఈ పల్లెల పొలములలో పండినవి. అయినను ఆ కాయను ప్రతి సంవత్సరము కల్లములో ఏరి, తాలు కాయను వేరుచేసి, సంచులకెత్తించు పిల్లవానికి, ఆ మొక్క పూర్వికులు సముద్రము దాటి అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినవని గాని, లాం అన్నచోట దానికొక జన్మపత్రిక ఉన్నదని గాని చెప్పినవారు లేరు.

విత్తనము ఇంటి సొత్తుగా ఉన్న కాలము మన ఊళ్ళలోని వృద్ధులకు ఇంకను జ్ఞాపకమే. పత్తి గింజను పేడతోను ఎర్రమట్టితోను రుద్ది, నూగు అణచి, గింజకు గింజ అంటుకొనకుండ ఆరబెట్టి విత్తెడివారు. కోకనాడ పత్తి అని వర్తకులు పిలిచిన ఎర్రని పీచుగల దేశవాళీ పత్తి ఈ మెట్టలలో పండి కాకినాడ రేవు మీదుగా విదేశములకు పోయెడిది. 1970లో గుజరాతునందు హెచ్‌-4, 1972లో ధార్వాడమున వరలక్ష్మి అను సంకర పత్తులు వెలువడి, వాని దిగుబడి చూచిన రైతు ఇంటి విత్తనమును విడిచిపెట్టెను. దిగుబడి కోరుట తప్పని నేననను. ఆకలి ఎరిగినవాడెవ్వడును అనడు. అయితే ఇంటి విత్తనముతో పాటు దానిని గూర్చిన తెలివియు ఇల్లు విడిచిపోయినది, ఆ స్థానమున క్రొత్త విత్తనమును గూర్చిన తెలివిని ఇంటికి తెచ్చిపెట్టవలసిన బడి ఆ పని చేయలేదు. 1987 ప్రాంతమున తెల్లదోమ విరుచుకుపడి, మందుల అప్పులలో కూరుకొనిపోయిన పత్తి రైతులు పలువురు ప్రాణములు తీసికొన్న దుర్ఘటన దేశమంతయు విన్నది ప్రకాశము, గుంటూరు జిల్లాలనుండియే.

తెలివి లేమి ఎంత ఖరీదైనదో చూపుటకు ఒక చిన్న పొట్లము చరిత్ర చాలును. కాయతొలుచు పురుగును చంపు విషము మొక్కలోనే పుట్టునట్లు చేసిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చిన పిమ్మట చాలకాలము రైతు కొన్న ప్రతి 450 గ్రాముల బీటీ గింజలతోపాటు 120 గ్రాముల బీటీ కాని గింజలు వేరొక చిన్న పొట్లములో వచ్చుచుండెడివి. చేను చుట్టును వానిని వరుసలుగా విత్తవలెనని, ఆ వరుసలలో బీటీ విషము రుచి ఎరుగని పురుగులు కొన్ని బ్రదికియుండునని, బీటీ మొక్కను తినియు చావని మొండి పురుగు ఎక్కడనో ఒకటి పుట్టినను అది వీనితో జతకూడుటచేత సంతానమున ఆ మొండితనము త్వరగా పాతుకొనదని శాస్త్రజ్ఞుల యోచన. రైతు ఆ చిన్న పొట్లమును గట్టు మీదనే విడిచిపెట్టెను. పురుగును మేపుటకు నా చేనిలో నేనే విత్తవలెనా అని ఆతడు వేసిన ప్రశ్న న్యాయమైనదే; దానికి ఆతని భాషలో సమాధానము చెప్పినవారు అరుదు. పిదప కొన్నియేండ్లకు గులాబీరంగు కాయతొలుచు పురుగు బీటీని లక్ష్యపెట్టని దశ వచ్చినది. అందుకు ఇది యొక్కటే కారణము కాదు గాని, కారణములలో ఇదియొకటి. ఇటీవల రెండు విధముల గింజలను ఒకే పొట్లములో కలిపి అమ్ముచున్నారు. రైతుకు బోధపరచుటకంటె అడుగకుండ కలిపివేయుటే సులభమని పెద్దలు తేల్చుకొన్నట్లున్నది. పదవ తరగతి చదివిన ఆ ఇంటి ఆడపిల్లకు ఈ సంగతి బడిలో ఒక్క గంట విడమరచి చెప్పియున్నచో, ఆ సాయంత్రము గట్టు మీది పొట్లము చేనిలో పడియుండెడిది కాదా?

చెప్పుటకు కావలసిన శాస్త్రము పాఠ్యపుస్తకమున లేదనుకొన్నచో పొరపాటు. పదవ తరగతి జీవశాస్త్రమునందు బ్రున్ నగరపు మఠములో బఠానీ మొక్కలు పెంచిన మెండెల్ మహాశయుడు ఉన్నాడు. పొడుగు మొక్క, పొట్టి మొక్క, మూడింటికొకటి అను నిష్పత్తి ఉన్నది. పరీక్షలో అది రాని సంవత్సరము ఉండదు. దానిని కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొన్న బాలుడే, ఇంటికి పోయి, సంకర మిరప కాయలనుండి గింజ తీసి మరుసటి ఏడు నారు పోసికొందమా అని తండ్రి అడిగినప్పుడు ఔననుటకును కాదనుటకును తోచక నిలుచుండును. మెండెల్ చెప్పినదంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. పది గ్రాముల పొట్లమునకు వందల రూపాయలు పోయుచున్న రైతు ఇంటి పిల్లవానికి బఠానీ బొమ్మకంటె తన చేనిలోని కాయ దగ్గరిది కదా. బడి ఆవరణములో రెండు మడులు చాలును. ఒక మడిలో సంకర మిరప పండ్లనుండి తీసిన గింజలతో పెంచిన మొక్కలు, రెండవ మడిలో సంకరము కాని, లాం వారి సూటి రకపు గింజలతో పెంచిన మొక్కలు ఉంచి చూపవలెను. మొదటి మడిలో ఒక మొక్క కాయ పొడుగు, ఇంకొక దాని కాయ పొట్టి; ఒక దాని తోలు నునుపు, వేరొక దానికి ముడుత; ఒకటి ముందుగా కాపునకు వచ్చును, మరియొకటి మిగిలినవన్నియు కోసిన పిదప పూయును. రెండవ మడిలోనివన్నియు ఒక్క తల్లి బిడ్డలవలె నిలుచును. సంకర విత్తనము దాచినచో ఏమగునో, సూటి రకపు విత్తనము ఎందుకు దాచవచ్చునో పిల్లలు కన్నులార చూతురు. విత్తన సంరక్షణ అనగా అంగడి విత్తనమును తిట్టుట అని భావించు కొందరు ఉత్సాహవంతులకు కూడ ఈ రెండు మడులు మేలే చేయును; పత్తి సంకర విత్తనమును ఇంట దాచుకొమ్మని పిల్లలకు బోధించుట రైతునకు ద్రోహము.

మరి బడిలో దాచ నేర్పవలసినవి ఏవి? ఇంటి పెరడునకును వంటింటికిని చెందినవి: చిక్కుడు, గోంగూర, తోటకూర, బీర, సొర, కంది, జొన్న, ఒకప్పుడు ఈ మెట్టలలో విరివిగా పండి ఇప్పుడు పిల్లలు పేరైనను వినని కొర్ర, వరిగ, వీనితోపాటు పచ్చళ్ళకని కొన్ని ఇండ్లలో నాలుగు మొక్కలు విడువక పెంచుకొనుచున్న నాటు మిరప. వీనిలోను తారతమ్యము తెలియవలెను. చిక్కుడు పువ్వు చాలవరకు తన పుప్పొడితోనే కాయ కట్టును గనుక మొదటి సంవత్సరపు విద్యార్థికి అదియే గురువు. బీర, సొరలు తుమ్మెద తెచ్చిన పుప్పొడిమీద ఆధారపడినవి. ప్రక్క దొడ్డిలో చేదు బీర ఉన్నచో మరుసటి సంవత్సరము కూర నోట పెట్టరానిదగును, అప్పుడు ఇల్లాలు విత్తనము చెడినదనును గాని తుమ్మెదను తలచుకొనదు. మిరప కూడ ఇట్టిదే. ధ్రువీకరణ విత్తనము పండించు చేనికి వేరొక రకపు మిరప చేను కనీసము రెండువందల మీటర్ల ఎడముగా ఉండవలెనని నియమము. చుట్టును మిరప చేలే ఉన్న మార్టూరులో అంతటి ఎడము దొరకదు కనుక, మొగ్గ విచ్చకమునుపే కొమ్మకు పలుచని గుడ్డసంచి తొడిగి మూతి కట్టించవలెను. ఈ పని ఏడవ తరగతి పిల్లలు మాస్టారికంటె ఓపికతో చేయుదురు.

విద్యా సంవత్సరమునకును పంటకాలమునకును పొసగదని కొందరు ఉపాధ్యాయులు అందురు. నాకు తోచినంతవరకు ఆ రెండును ఒకే తాటిపై నడచుచున్నవి. ఏరువాక పున్నమి ప్రాంతమున, సాధారణముగా జూన్ 12వ తేదీన, బడులు తెరచుచున్నారు. ఆ వారముననే బడి ఆవరణలోని వేపచెట్టు క్రింద పండ్లు రాలియుండును. వేప గింజ చాలకాలము ప్రాణము నిలుపుకొనలేదు. కొన్ని వారములలోనే విత్తవలెను, లేదా ఎండబెట్టి పొడికొట్టి చేనికి కషాయముగా వాడవలెను. గింజలన్నియు కుండలో దాచదగినవి కావను మొదటి పాఠము ఆ చెట్టే చెప్పుచున్నది. జూలైలో చిక్కుడు, కంది పెట్టినచో పగటి పొద్దు తరిగిన పిమ్మట అవి పూసి, సంక్రాంతి సెలవులు ముగిసి పిల్లలు తిరిగివచ్చునాటికి ముదిరిన కాయలతో ఉండును. విత్తనమునకు ఉంచవలసిన తీగను అప్పుడు వెదకరాదు. కార్తీకములోనే, తెగులు సోకనిదియు, కాపు నిండుగా ఉన్నదియు అగు తీగను ఎన్నుకొని, ఎర్రదారము కట్టి, దాని కాయ కూరకు కోయరాదని తరగతి అంతయు కట్టుబడవలెను. బడులలో ఇది మాటలలో చెప్పినంత తేలిక కాదు, ఏలనన లేత చిక్కుడు కాయ నవనవలాడుచు కనబడినప్పుడు కోయక విడుచుట పెద్దలకే కష్టము. ఫిబ్రవరిలో కాయ ఎండును, మార్చిలో గింజ ఆరును, వేసవి సెలవులలో కుండలో నిద్రించును, మరల జూన్‌లో బడి తెరవగానే మొలక పరీక్షకు సిద్ధమగును.

ఆ మొలక పరీక్షను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలనన మొదట చెప్పిన చీటీకి తాళపుచెవి అదియే. వంద గింజలు ఏరక కూర్చక వచ్చినవి వచ్చినట్లు లెక్కపెట్టి, తడిపి పిండిన గోనెపట్టా మీద పదేసి చొప్పున పది వరుసలు పేర్చి, మీద మరియొక తడి గోనె కప్పి, చాపవలె చుట్టి, రెండు కొసలును పురికొసతో వదులుగా కట్టి, తరగతి గది మూలలో నీడపట్టున ఉంచి, ప్రతి ఉదయము ప్రార్థన కాగానే ఒక విద్యార్థి దానిపై నీరు చిలకరించవలెను. కందికి వారము, పత్తికి పన్నెండు దినములు, మిరపకు రెండు వారములు పట్టును. చుట్ట విప్పినప్పుడు ముక్కు చూపిన ప్రతి గింజను లెక్కకు తీసికొనరాదు; వేరును మొలకయు రెండును చక్కగా సాగినదే మొక్క కాగలదు, వంకర పోయినది, కుళ్ళు పట్టినది, వేరు లేనిది వేరుగా వ్రాసికొనవలెను. మిరపకు నూటికి 60, పత్తి సూటి రకములకు 65, సంకర పత్తికి 75, వరికి 80 మొలకెత్తవలెనని మన విత్తన ప్రమాణములు. లెక్కల మాస్టారు ఈ శాతముల మీదనే, మొలక తగ్గినచో ఎకరమునకు ఎంత గింజ అదనముగా పోయవలెనో కట్టింపవచ్చును. ఒక్కమారు చుట్ట విప్పి లెక్కించిన పిల్ల పొట్లము మీది అంకెను చూచినప్పుడు ఇక దుకాణదారుని ముఖము చూడదు. కొన్న విత్తనములో వంద గింజలు తానే పరీక్షించును, రసీదును, ఖాళీ పొట్లమును, గుప్పెడు గింజలను పంట ముగియువరకు భద్రపరచుమని తండ్రికి చెప్పును. నకిలీ విత్తనమని రైతు ఫిర్యాదు చేసినప్పుడు అధికారులు మొదట అడుగునవి ఇవియే.

దాచుట మరియొక కళ. ఎండిన సొరకాయ బుర్రలో గింజ ఉంచి చూరుకు వ్రేలాడగట్టుట, గుమ్మడి గింజను పేడముద్దలో అద్ది గోడకు కొట్టుట, కందులకు ఎర్రమట్టి పట్టించి ఆరబెట్టుట, బూడిదలో కలిపి కుండ మూతికి మట్టి మెత్తుట: ఇవి ఛాదస్తములని నవ్వుకొన్న తరము మాది. గింజలో తేమ ఒక్క శాతము తగ్గిన ప్రతిసారియు దాని ఆయుస్సు ఇంచుమించు రెట్టింపగునని, నిలువయుంచిన చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినను అంతటి ఫలమే కలుగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన స్థూలసూత్రమును ఎరిగిన తరువాత, బూడిద తేమను పీల్చుచున్నదని, పుచ్చు పురుగుకు ఊపిరి సలుపనీయదని బోధపడును. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పంటల నమూనాలు లక్షకు పైగా సేకరించి, దీర్ఘకాలపు నిలువకు సున్నకు ఇరువది డిగ్రీలు తక్కువ చలిలో పెట్టినదియు ఆ సూత్రము మీదనే. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చిపెట్టినప్పుడు, తట్టుకొనగల గుణము కొరకు శాస్త్రజ్ఞులు చూడవలసివచ్చునది ఇట్టి నిలువలలోని పాత రకముల వైపే. ఆ నిలువలకు గింజ ఏదో ఒక పల్లెటూరి కుండలోనుండియే చేరినది.

ఈ పాఠము చెప్పుటకు పట్టా పొందిన ఉపాధ్యాయుడే ఉండనవసరము లేదు. మధ్యాహ్న భోజనము వండు వంట ఏజెన్సీ స్త్రీలు ప్రతి ప్రభుత్వ పాఠశాలలోను ఉన్నారు. వారిలో పెక్కుమంది పొలము పని తెలిసినవారు, గింజను పంటి క్రింద కొరికి, టక్కున విరిగిన చప్పుడును బట్టి ఎండినదో లేదో చెప్పగలవారు. నెలకొక పూట వారిని తరగతి గదిలోనికి పిలిచి, కుర్చీ వేసి, పిల్లలచేత నోటు పుస్తకమున వ్రాయించినచో విద్యాశాఖకు పోయినదేమియు లేదు. ఆ కుర్చీ వేయుటయే మనకు కష్టముగా తోచునేమో అని నా అనుమానము.

విత్తనముతోపాటు నేర్పవలసినది ఊరి మొక్కల గుర్తింపు. ఉపయోగపడు మొక్కలను గూర్చిన బోధకు వినాయక చవితి పత్రి సిద్ధముగా ఉన్న పాఠ్యప్రణాళిక. మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, దానిమ్మ, మరువము, వావిలి, జమ్మి, రావి, మద్ది ఇత్యాదిగా ఇరువదియొక్క ఆకులు ఎరిగిన బాలుడు ఊరి చుట్టుగల వృక్షసంపదలో మంచి భాగము ఎరిగినట్లే. ఇప్పుడు ఆ పత్రి బజారులో కట్టలుగా అమ్ముచున్నారు. కట్టలో ఉన్నది ఏదో కొన్నవానికి తెలియదు, ఒక్కొక్కప్పుడు అమ్మినవానికిని తెలియదు, మారేడు బదులు మరేదో కొమ్మ పూజ అందుకొనును. పండుగకు ముందు వారము పిల్లలను వెంటబెట్టుకొని చెరువుకట్ట వరకు నడచి, ప్రతి ఆకును చెట్టున ఉండగనే చూపి, ఒక్కొక్కటి మాత్రమే కోయించుట ఉత్తమము. ఆ ఇరువదియొకటిలో ఉమ్మెత్తయు, గన్నేరును, జిల్లేడును కూడ ఉన్నవని మరువరాదు. మొదటి రెండును ప్రాణము తీయగల విషములు, జిల్లేడు పాలు కంటికి హాని. దేవునికి అర్పించు ఆకు నోట పెట్టదగినది కాకపోవచ్చునని పిల్లలకు తెలియుట ఆయుర్వేద శ్లోకముకంటె ముందు అవసరము. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, గలిజేరు కూరలు పొలము గట్టున ఊరకే దొరకునవి. పక్కనే మోకాలెత్తు పెరిగిన వయ్యారిభామ ఒంటికి దురద తెచ్చునది. రెండింటిని వేరుచేసి చూపగలిగినచో చాలును. నేల ఉసిరి కామెర్లకు మందని మాస్టారు బోధించుట మాత్రము నాకు సమ్మతము కాదు. కామెర్లకు కారణములు పలు విధములు. పిల్లవాడు మొక్కను గుర్తించ నేర్వవలెను, చికిత్స వైద్యునికి విడువవలెను.

ఇట్లు నేర్చినదానిని వ్రాసి ఉంచుటకు స్థానము కూడ చట్టమే ఏర్పరచినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక కమిటీ నియమించుకొని, ఊరిలోని మొక్కలు, పంట రకములు, పశుజాతులు, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన సంగతులు ఒక ప్రజా జీవవైవిధ్య పుస్తకమునందు నమోదు చేయవలెను. ఆ పుస్తకము కార్యాలయములో కూర్చుండి పూరించదగినది కాదు. తొమ్మిదవ తరగతి పిల్లలు ఇల్లిల్లు తిరిగి, ఏ అవ్వ వద్ద ఏ విత్తనమున్నదో వ్రాసి తెచ్చినచో పంచాయతీ పుస్తకమునకు ప్రాణము వచ్చును, తెలుగు వాచకమునకు మంచి వ్యాసరచన అభ్యాసమును దొరకును.

ఇంతవరకు చదివిన తల్లిదండ్రులు కొందరు లోలోపల అడుగుచున్న ప్రశ్న నేనెరుగుదును: మట్టి పని తప్పించుటకే గదా పిల్లలను బడికి పంపితిమి, బడిలోను మట్టి పనియేనా? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. 1937లో వార్ధా సభలో గాంధీ మహాత్ముడు చేతిపనితో కూడిన విద్యను ప్రతిపాదించినప్పుడును ఇదే శంక పుట్టినది. తరువాత బేసిక్ పాఠశాలలు క్షీణించుటకు ఈ శంక కొంత కారణము. ఇంతకంటె కఠినమైన సత్యము పత్తి విత్తనోత్పత్తి చేలలో ఉన్నది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సంకర పత్తి విత్తనము పండించుటకు సాయంకాలము మొగ్గలు గిల్లి, మరునాటి ఉదయము పుప్పొడి అద్దు క్రాసింగ్ పనికి వేలాది బాలికలను బడి మాన్పించి పెట్టిన సంగతి లోకవిదితమే. తెలుగు దేశమున పత్తి పువ్వును అంత దగ్గరగా చూచిన పిల్లలు మరెవ్వరును ఉండరు. వారు నేర్చినదానికి మార్కులు లేవు, వారికి పుస్తకము లేదు. మన మిరప కోతలకు కర్నూలు ప్రాంతము నుండి వలస వచ్చు కూలీల పిల్లలు కల్లముల ప్రక్క గుడిసెలలో గడుపు నెలలును అట్టివే. కావున విత్తన విద్య బడికి బదులుగా కాక బడిలో జరుగవలెను. గంట కొట్టినప్పుడు మొదలై గంట కొట్టినప్పుడు ముగియవలెను. పండినది మాస్టారి ఇంటికి పోరాదు. నీరు మోయుట ఒక వీధి పిల్లలకును, పుస్తకము వ్రాయుట వేరొక వీధి పిల్లలకును పంచు పాడు అలవాటు ఆ మడుల దరిదాపులకు రారాదు.

పొలమునకును పుస్తకమునకును వైరము లేదని చూపిన బడి తెలుగునేలపై లేకపోలేదు. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మాచనూరు పచ్చసాలెలో, 1993 నుండి, పేద దళిత కుటుంబముల పిల్లలు చదువుతోపాటు సేద్యము, వడ్రంగము, కుండల పని, కుట్టుపని నేర్చిరి. ఆ పిల్లల తల్లులే సంఘములుగా ఏర్పడి చిరుధాన్యముల విత్తనములు కాపాడి, ఏటేట సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద వానిని అలంకరించి ఊరూర పాత పంటల జాతర నడిపినారు. 2008లో అదే మాచనూరునుండి రేడియో ద్వారా తమ మాట తామే వినిపించినారు. ఆ నేల ఎర్రనిది, ఆ పంటలు వేరు, అచ్చటి పద్ధతిని యథాతథముగా మార్టూరునకు తేవలెనని నేననను. మనకు మన దారి ఉన్నది: రైతు నాయకులు ఆచార్య రంగా గారు నిడుబ్రోలులో రైతు బిడ్డల కొరకు విద్యాలయము నడిపిన ప్రాంతము ఇది.

పిల్లలకు తెలుపవలసిన హక్కు కూడ ఒకటున్నది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము, తన చేను విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, ఇరుగుపొరుగుతో మార్చుకొనుటకు, బ్రాండు పేరు పెట్టకుండ అమ్ముకొనుటకు రైతునకు అధికారమిచ్చినది. ప్రపంచమున పెక్కు దేశముల రైతులకు ఇంతటి విశాలమైన హక్కు లేదు. సాంఘిక శాస్త్రములో ప్రాథమిక హక్కుల ప్రక్కన దీనికి అర పుట చోటీయరాదా?

పథకములకు లోటు లేదు. జాతీయ హరిత దళము 2001 నుండి ఉన్నది. బడులలో పోషకాహార తోటలు పెంచుటకు కేంద్రము 2019లో మార్గదర్శకములు పంపినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు పది దినములు సంచి లేకుండ బడికి వచ్చి పనులు నేర్వవచ్చునన్నది. మొక్క నాటి, ఫొటో తీయించి, పై అధికారికి పంపి, మరుసటి జూన్‌లో అదే గుంటలో మరల నాటుట వలననే ఇవి నిష్ఫలములగుచున్నవి. మొక్క నాటినందుకు మార్కు వేయుట మాని, విత్తనము తీసి దాచి తిరిగి మొలిపించినందుకు మార్కు వేసినచో, ఆ ఫొటోల గోల తనంత తానే తగ్గును.

మార్టూరు మండలములోని ప్రధానోపాధ్యాయులకును, తల్లిదండ్రుల కమిటీలకును నా విన్నపమిది. రాబోవు జూన్‌లో బడి తెరచిన మొదటి వారముననే రెండు గోనెపట్టాలు, ఒక పురికొస ఉండ, నాలుగు మట్టికుండలు, ఒక నోటు పుస్తకము సమకూర్చుకొని, ఎనిమిదవ తరగతి చేత తమ ఇండ్లలోని కంది, మిరప గింజలతో మొలక పరీక్ష చేయింపుడు. వచ్చిన అంకెలను బడి గోడమీది నల్లబల్లపై రైతులందరును చదువునట్లు పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. బాపట్ల కళాశాల విద్యార్థులను, లాం శాస్త్రజ్ఞులను ఒక్క పూట రమ్మని జాబు వ్రాయుడు. చిక్కుడు గింజలు మీ వంట ఏజెన్సీ ఆయమ్మనే అడుగుడు.